వయసు పెరిగేకొద్దీ జబ్బులు ఎందుకు ఎక్కువవుతాయి?

వయసు జబ్బు కాదండీ, కానీ శరీరం తట్టుకునే శక్తిని తగ్గిస్తుంది. రక్తనాళాలనే చూడండి, గోడలకు సాగే గుణమిచ్చే ఎలాస్టిన్ అరిగిపోయి, బిగువైన కొల్లాజెన్ పెరగడంతో గుండె కొట్టినప్పుడల్లా వచ్చే ఒత్తిడికి అవి సాగలేవు, అందుకే పెద్దవాళ్లలో చాలామందికి బీపీ పై అంకె మాత్రమే ఎక్కువగా ఉంటుంది. అది గుండెను, మెదడును, కిడ్నీలను మూడింటినీ దెబ్బతీస్తుంది. దయచేసి "వయసు కదా" అని ఆయాసాన్ని, తూలడాన్ని వదిలేయకండి, డాక్టరుకు చూపించండి. 30 ఏళ్లు దాటాక కండ పదేళ్లకు సుమారు 3 నుంచి 8 శాతం తగ్గుతుంది. తిన్నాక రక్తంలో చేరే చక్కెరను ఎక్కువగా తీసుకునేది కండే కాబట్టి షుగర్ ముప్పూ పెరుగుతుంది. ఇక రోగక్రిములతో పోరాడే టీ కణాలను తయారుచేసే థైమస్ గ్రంథి యవ్వనం నుంచే కుంచించుకుపోతుంది, ముసలితనంలో న్యుమోనియా అంత ప్రమాదకరం కావడానికి అదొక కారణం.