అన్నయ్యా, ఒక మాట: పరాయి దేశంలో మొదటి నెలలు

ప్రశ్న: వందనాలు అన్నా. నాకు 23 ఏళ్ళు, సువార్త సేవ కోసం వేరే దేశం వచ్చి నాలుగు నెలలైంది. భాష కొంత నేర్చుకునే వచ్చా కానీ బయట మనుషులు మాట్లాడే స్పీడుకి ఒక్క ముక్క అర్థం కాదు. మొన్న షాంపూ అనుకుని గిన్నెలు తోమే లిక్విడ్ కొని మూడు రోజులు తలకి రాసుకున్నా, తెలిశాక నవ్వు రాలేదు, బాత్రూంలో కూర్చుని ఏడ్చేశా. సాయంత్రం ఏడింటికే నిద్ర ముంచుకొస్తుంది. ఇంటికి మాత్రం నవ్వుతున్న ఫోటోలు పంపుతున్నా. మా సంఘం అంతా నా కోసం ప్రార్థన చేస్తోంది, వాళ్ళకి ఏమని చెప్పను? అసలు నాకు దేవుని పిలుపు ఉందా అని డౌట్ వస్తోంది.

జవాబు: తమ్ముడూ, షాంపూ సంగతి చదివి నేను నవ్వేశా, ఏమీ అనుకోకు, కొన్నాళ్ళకి నువ్వే సాక్ష్యంలో చెప్పి అందర్నీ నవ్విస్తావ్.

పిలుపు సంగతి పక్కన పెట్టు. నీ ఉత్తరంలో నాకు కనపడింది అలసట. ఇంటి దగ్గర బస్సెక్కడం, చిల్లర లెక్కపెట్టుకోవడం, ఎదురింటాయన్ని పలకరించడం, ఇవన్నీ ఆలోచించకుండా చేసేసేవాడివి, ఇప్పుడు పొద్దున లేచిన దగ్గర్నుంచి ప్రతిదానికీ బుర్ర పెట్టాలి, ఇక ఏడింటికి నిద్ర రాక ఏమొస్తుంది. కల్చర్ షాక్ అన్న మాట వినే ఉంటావ్, దాన్ని జనంలోకి తెచ్చిన వాళ్ళలో ముఖ్యుడు కలెర్వో ఓబెర్గ్ అనే ఆంత్రోపాలజిస్టు (మనుషుల సంస్కృతుల్ని చదివేవాడు), 1954లో రియో డి జనీరోలో ఒక ప్రసంగంలో దీని గురించి చెప్పాడు. తెలిసిన గుర్తులన్నీ ఒక్కసారిగా మాయమైతే పుట్టే ఆందోళన ఇది, పరాయి దేశం వెళ్ళేవాళ్ళకి వచ్చే ఒక రకం జబ్బు అన్నాడు. ఆయన చెప్పిన లక్షణాలు చూడు, ఊరికే చేతులు కడుక్కోవడం, తాగే నీళ్ళంటే భయం, చిన్న ఆలస్యానికే ఒళ్ళు మండిపోవడం. ఇందులో విశ్వాసం తగ్గిందన్న లక్షణం ఎక్కడుంది చెప్పు?

నా సంగతి ఒకటి చెప్తా. నేను వెళ్ళిన కొత్తలో అద్దె ఇంటి తలుపుకి తాళం పడేది కాదు. ఎటు తిప్పినా తాళంచెవి కదలదు. ఎవర్నైనా అడగాలంటే సిగ్గు, వాక్యం చెప్పడానికి వచ్చినవాడికి తలుపు వేసుకోవడం రాదంటే ఏమనుకుంటారో అని, అలా ఆరు రోజులు ఇల్లు తెరిచే వదిలేసి తిరిగా. ఏడో రోజు పక్కింటి ముసలమ్మ చూసింది. ఏమీ అనకుండా నా చెయ్యి పట్టుకుని హ్యాండిల్ మీద పెట్టి పైకి లేపించింది, క్లిక్ మంది, అప్పుడు తాళంచెవి తిప్పింది. అంతే! ఆ రోజు నుంచి ఆవిడే నాకు టీచర్, మెట్ల మీద కనపడినప్పుడల్లా ఏదో ఒక వస్తువు చూపించి పేరు చెప్పించేది, తప్పు పలికితే మనవడిని కసిరినట్టు కసిరేది. ఆ ఊళ్ళో నన్ను మొదట లోపలికి రానిచ్చింది ఆవిడ ఇల్లే, అదీ నేను ఏదో ఇచ్చినందుకు కాదు, నాకు తాళం వెయ్యడం రానందుకు.

మనం ఇవ్వడానికి వచ్చాం అనే ఊపులో అడగడం మర్చిపోతాం. లూకా సువార్త 10వ అధ్యాయం మళ్ళీ తియ్యి, యేసు శిష్యుల్ని ఇద్దరిద్దర్నిగా పంపుతూ సంచి వద్దు, జాలె వద్దు, పెట్టింది తినండి అన్నాడు. అంటే ఎవరో ఒకరి గడప తొక్కక తప్పని పరిస్థితి కావాలనే పెట్టాడని నాకనిపిస్తుంది. హడ్సన్ టేలర్ అనే ఇంగ్లిష్ మిషనరీ 21 ఏళ్ళకి చైనాలో దిగాడు, 1855లో అక్కడి మగవాళ్ళలా బట్టలు మార్చి, జడ పెట్టుకుంటే తోటి తెల్లవాళ్ళే వెక్కిరించారు. నువ్వు బట్టలు మార్చక్కర్లేదు కానీ సిగ్గు కాస్త మార్చుకో.

చెయ్యాల్సింది కొంచెమే. ప్రసంగం కోసం బట్టీ పట్టే మాటలు కొన్నాళ్ళు ఆపి, ఇదేంటి, ఇంకోసారి చెప్పండి, నెమ్మదిగా చెప్పండి, నాకు తెలీదు, ఈ నాలుగూ నోటికి వచ్చేలా చేసుకో. ఒకే షాపుకి, ఒకే టైముకి వెళ్ళు, మొహం గుర్తుపడితే వాళ్ళే మాట కలుపుతారు. వారంలో ఒక రోజు బట్టలుతుక్కోవడానికి, పడుకోవడానికి ఉంచుకో, అమెరికాలో పుట్టిన మోర్మన్ చర్చి మిషనరీలకి అయితే దీనికి ప్రిపరేషన్ డే అని పేరే ఉంది. ఇక ఫోటోలు పంపు, కానీ పాస్టర్ గారికో, ఒక ఫ్రెండుకో, ఒక్కరికైనా ఉన్నదున్నట్టు చెప్పు. తిండి సయించక, నిద్ర పట్టక రెండు వారాలు దాటితే మాత్రం ప్రార్థనతో పాటు డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళాలి, ఇందులో మొహమాటం వద్దు.

ప్రశ్న: మా అమ్మాయి విదేశంలో పరిచర్యలో ఉంది. రోజూ రాత్రి రెండు గంటలు వీడియో కాల్ చేస్తుంది, పెట్టేస్తానంటే ఏడుస్తుంది. మానిపించాలా?

జవాబు: అక్కా, ఒక్కసారే మానిపించకండి, తగ్గించండి. మోర్మన్ మిషనరీలు చాలా కాలం ఏడాదికి రెండుసార్లే ఇంటికి ఫోన్ చేసేవాళ్ళు, 2019 ఫిబ్రవరి నుంచి వారానికోసారి మాట్లాడుకోవచ్చని వాళ్ళ చర్చి మార్చింది. నాకు ఆ పాతదీ నచ్చదు, మీరు రాసిన రెండు గంటలూ నచ్చలేదు. శరీరం అక్కడ, మనసు మీ హాల్లో ఉంటే ఆ పిల్లకి అక్కడ ఒక్క ఫ్రెండు ఎలా దొరుకుతుంది? మొదట్లో రోజు విడిచి రోజు చెయ్యమనండి. ఫోనెత్తగానే తిన్నావా అని కాకుండా ఇవాళ ఎవరితో మాట్లాడావ్ అని అడగండి. కాల్ అయ్యాక మీరు ఏడవండి, కాల్‌లో వద్దు.

ప్రశ్న: నాతో ఉండే బ్రదర్ నేను భాషలో తప్పు మాట్లాడితే అందరి ముందూ సరిదిద్దుతాడు. కోపం వస్తోంది.

జవాబు: ఇంటికొచ్చాక చెప్పమని అడుగు. అడిగినా మానకపోతే గిన్నెలు తోమే వంతు అతనికి ఎక్కువ వెయ్యి, లిక్విడ్ కావాలంటే పైన రాసిన తమ్ముడి దగ్గర మిగిలే ఉంటుంది.