గుర్రం ఒంటి మీద చుండ్రులా పొట్టు రాలుతుంటే నూనె రాయాలా?

అక్కర్లేదు, సబ్బు స్నానాలు తగ్గించి, రోజూ బ్రష్‌తో ఒళ్లు బాగా రుద్దితే మామూలుగా పొడిబారిన చర్మం చాలావరకు సర్దుకుంటుంది.

గుర్రం చర్మంలోని గ్రంథుల నుంచి ఒక జిడ్డు ఊరుతుంది. తేమ ఆరిపోకుండా కాపాడేది అదే. సబ్బు దాన్ని కడిగేస్తుంది. రబ్బరు బ్రష్‌తో గుండ్రంగా రుద్దితే చచ్చిన పొట్టు ఊడొస్తుంది. తర్వాత మెత్తటి బ్రష్‌తో వెంట్రుక వాలు వెంట దువ్వితే జిడ్డు ఒళ్లంతా పరుచుకుంటుంది. పచ్చగడ్డి దొరకని గుర్రానికి దాణాలో కాస్త అవిసె నూనె కలిపితే మంచిదే.

విజయవాడలో పెళ్లి ఊరేగింపులకు తిప్పే తెల్ల గుర్రాన్నే తీసుకోండి. మెరవాలని ముహూర్తాల రోజుల్లో రోజూ మనుషుల షాంపూతో తోమితే, నురగ పూర్తిగా పోకముందే జరీ గుడ్డ, జీను ఎక్కిస్తే, పాపం దాని వీపు ఏమవుతుంది? జీను కింద వెంట్రుకలు పాయ తీసి చూడండి, తెల్లటి పొట్టు కనిపిస్తుంది. చాలావరకు రోజుల్లో దాని స్నానానికి ఉత్త నీళ్లు చాలు.

చాలామంది పొరబడేది ఎక్కడంటే, పొట్టు అనగానే పొడిబారడమే అనుకుంటారు. వానాకాలం ఉక్కలో వీపు మీద పెచ్చులు కట్టి, వెంట్రుకలు కుచ్చులుగా ఊడుతుంటే అది బ్యాక్టీరియా పని కావచ్చు. గుండ్రటి మచ్చల్లో రాలితే తామర కావచ్చు, అది మనుషులకూ అంటుకుంటుంది. వాటి మీద కొబ్బరినూనె పట్టిస్తే తడి లోపలే ఉండి ముదురుతుంది. వెంటనే పశువైద్యుడికి చూపించండి. ఆ బ్రష్, జీను గుడ్డ మరో గుర్రానికి వాడకండి.