రిక్రూటర్‌గా ఉద్యోగం ఉండగా మళ్లీ ఎంబీఏ హెచ్‌ఆర్ ఎందుకు?

ప్రశ్న: మా అమ్మాయి బీకామ్ చదివింది. రెండేళ్లుగా మాదాపూర్‌లోని ఒక కన్సల్టెన్సీలో రిక్రూటర్‌గా పనిచేస్తోంది. ఇప్పుడు ఉద్యోగం మానేసి ఎంబీఏ హెచ్‌ఆర్ చదువుతానంటోంది. చేస్తున్నదీ హెచ్‌ఆర్ పనే కదా, రెండేళ్ల జీతం వదులుకోవడం అవసరమా?
- ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: మీ అమ్మాయి చేస్తున్నది హెచ్‌ఆర్‌లో ఒక మూల పని. అభ్యర్థులను వెతకడం, ఫోన్లు చేయడం, ఇంటర్వ్యూలు కుదర్చడం. అందులోనే ఎదగాలనుకుంటే పీజీ అక్కర్లేదు. నెలకు ఎంతమందిని చేర్పించారన్నదే అక్కడ లెక్క, డిగ్రీ ఎవరూ అడగరు. ఆ పనిలోంచి బయటపడాలనుకుంటే మాత్రం పీజీ కావాలి. ఆమె కోరిక ఈ రెండింటిలో ఏదో ముందు ఆమెనే అడగండి.

బయట ఏముందంటారా? ఫ్యాక్టరీలున్న పటాన్‌చెరు, జీడిమెట్ల, పాశమైలారం వైపు చూడండి. 2025 నవంబర్ 21 నుంచి దేశంలో నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 29 పాత చట్టాలు వాటిలో కలిసిపోయాయి. వేతనం నిర్వచనమే మారింది: అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన భాగాన్ని వేతనంలో కలపాలి. ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ లెక్క దాని మీదే ఆధారపడుతుంది. జీతాల పట్టికను అందుకు తగ్గట్టు సరిచేయడం, దాన్ని యాజమాన్యానికీ కార్మిక సంఘానికీ అర్థమయ్యేలా చెప్పి ఒప్పించడం రిక్రూటర్‌కు ఎప్పుడూ ఎదురుకాని పని. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 500 మంది కార్మికులున్నచోట వెల్ఫేర్ ఆఫీసర్ ఉండాలంది. కొత్త కోడ్ ఆ సంఖ్యను 250కి తగ్గించింది. కార్మిక చట్టాలు, పారిశ్రామిక సంబంధాలు చదివినవారికి ఇది మంచి కబురు.

అమీర్‌పేటలో కొద్ది వారాల్లో పేరోల్ (జీతాల లెక్కలు) నేర్పే కోర్సులున్నాయి కదా అంటారేమో. సాఫ్ట్‌వేర్ వాడటం వస్తుంది, కాదనను. లెక్క వెనక ఉన్న చట్టం అంత త్వరగా ఒంటబట్టదు.

ఇక ప్రభుత్వ రంగ సంస్థలు. మాసబ్ ట్యాంక్‌లో ఎన్‌ఎండీసీ, రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్, అటు సింగరేణి ఉన్నాయి. ఇలాంటి సంస్థల్లో హెచ్‌ఆర్ అధికారి పోస్టుకు సాధారణంగా హెచ్‌ఆర్ లేదా పర్సనల్ మేనేజ్‌మెంట్ స్పెషలైజేషన్‌తో రెండేళ్ల పీజీ ఉండాలి. బీకామ్, అనుభవం ఎంత ఉన్నా దరఖాస్తు దగ్గరే ఆగిపోతుంది. చాలా నోటిఫికేషన్లు పూర్తికాల కోర్సే కావాలంటాయి కాబట్టి దూరవిద్యలో చేరే ముందు పాత నోటిఫికేషన్లు నాలుగైదు చదివించండి. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటు కంపెనీలో పైమెట్టుకు వెళ్లడమే ధ్యేయమైతే ఇగ్నో ఎంబీఏ సరిపోవచ్చు.

కాలేజీ విషయంలో నేను కాస్త కఠినంగానే చెబుతాను. హెచ్‌ఆర్‌కు దేశంలో పెద్ద పేరున్నవి జంషెడ్‌పూర్‌లోని ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ, ముంబయిలోని టిస్. అక్కడ సీటొస్తే రెండేళ్ల జీతం గురించి ఆలోచించనే వద్దు. ఇక్కడే చదవాలంటే ఎంబీఏ ప్రవేశ పరీక్ష టీజీ ఐసెట్ రాసి, ఉస్మానియా లాంటి విశ్వవిద్యాలయంలో కన్వీనర్ కోటా సీటు కోసం ప్రయత్నించాలి. అర్హత ఉంటే ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా వస్తుంది. మంచి ర్యాంకు రాక, ఊరి చివర ఏదో కాలేజీలో లక్షలు పోసి మేనేజ్‌మెంట్ సీటు కొనడమైతే నేను వద్దంటాను. అలాంటిచోట చదివి మళ్లీ అదే రిక్రూటర్ కుర్చీలోకి వచ్చిన పిల్లలను చూస్తూనే ఉన్నాం.

చేరేముందు మూడు, నాలుగు సెమిస్టర్ల సిలబస్ తెప్పించుకోండి. కార్మిక చట్టాలు, పారిశ్రామిక సంబంధాలు, వేతన నిర్ణయం అనే మూడూ వేర్వేరు పేపర్లుగా ఉండాలి. ఒక్క పేపర్లో అన్నీ కుక్కేస్తే అది పేరుకే హెచ్‌ఆర్. కంపెనీలో చేసే ప్రాజెక్టు ఐటీ ఆఫీసులో కాకుండా ఏదైనా ఫ్యాక్టరీలో చేయమనండి. అధ్యాపక అర్హత పరీక్ష యూజీసీ నెట్‌లో లేబర్ వెల్ఫేర్, హెచ్‌ఆర్ కలిపి ఒక సబ్జెక్టు ఉంది. కొన్ని ప్రభుత్వ సంస్థలు ఆ స్కోరుతోనే పిలిచిన సందర్భాలున్నాయి కాబట్టి చివరి ఏడాది అదీ రాయాలి.

రాజీనామా మాట ఐసెట్ ర్యాంకు చేతికొచ్చాకే. అప్పటిదాకా ఉద్యోగం చేస్తూ సాయంత్రాలు చదువుకోమనండి.