అట్ట మీద టర్బైన్ బొమ్మ చూసి పుస్తకం ఎంచుకోకండి

ఇంజినీరింగ్ విద్యార్థులకు ఇంగ్లిష్ చెప్పాలంటే ఏ పాఠ్యపుస్తకం మంచిదని అడిగారు. చాలా ఏళ్లుగా చెబుతున్న పాఠం కాబట్టి మొహమాటం లేకుండా రాస్తున్నాను. పుస్తకం పేరు చెప్పను. ఏది చేతికొచ్చినా పాఠాలు తర్వాత, ముందు అభ్యాసాలు చూడండి.

అట్ట మీద టర్బైన్, లోపల రోబోల మీద వ్యాసం, కింద ‘ఖాళీలు పూరించండి’. ఎక్కువ పుస్తకాలు ఇంతే. రోబో తీసేసి ఏనుగు పెట్టినా ఆ అభ్యాసంలో మార్పేమీ ఉండదు. నేను చూసేది ఒకటే: ఒకరు రాసింది చదివి ఇంకొకరు ఏదైనా పని చేయాల్సి వస్తుందా, లేదా?

మేం వాడిన ఒక పుస్తకంలో అలాంటి అభ్యాసం ఉండేది. మల్టీమీటర్‌తో రెసిస్టెన్స్ కొలిచే పద్ధతిని ఒక జట్టు రాయాలి. రెండో జట్టు ఆ కాగితంలో ఉన్నది ఉన్నట్టు చేయాలి, నోరు తెరిచి అడగకూడదు. చిన్న బ్యాటరీ సర్క్యూట్‌తో ల్యాబ్‌లోనే చేయించాను. రాసిన అమ్మాయికి గ్రామర్‌లో ఎప్పుడూ మంచి మార్కులే. వాక్యాలన్నీ పాసివ్‌లో, ఒక్క తప్పు లేకుండా ఉన్నాయి. అవతలి జట్టు కుర్రాడు ఒక్కో వాక్యం చదువుతూ ప్రోబులు పెట్టాడు. మీటర్ పొంతన లేని అంకె చూపించింది. సర్క్యూట్‌లో ఇంకా కరెంట్ ఉంది మరి. ‘సప్లై ఆపమని రాశాను కదా!’ అంది అమ్మాయి. రాసింది, అన్నిటికంటే చివరి వాక్యంలో. ‘అక్కడిదాకా వచ్చేసరికి కొలవడం అయిపోయింది’ అన్నాడు కుర్రాడు. మిగతా గంటంతా ఏ వాక్యం ముందు రావాలన్న దాని మీదే వాదన. ఎవరూ చెప్పకుండానే అందరూ మళ్లీ రాశారు. ఏ గ్రామర్ పాఠానికీ వాళ్లు అంత పట్టుదలగా కూర్చోవడం నేను చూడలేదు.

విమాన పరిశ్రమ ఈ విషయాన్ని 1980లలోనే పట్టించుకుంది. మెయింటెనెన్స్ మాన్యువల్స్ కోసం సరళమైన ఇంగ్లిష్‌కి నియమాలు పెట్టుకుంది. ఇప్పుడు దాన్ని ఏఎస్‌డీ-ఎస్‌టీఈ100 అంటారు. పని చెప్పే వాక్యంలో 20 పదాలు దాటకూడదు, ఒక వాక్యంలో ఒకే సూచన ఉండాలి. మన పుస్తకాలు మాత్రం ల్యాబ్ రిపోర్ట్ అనగానే పాసివ్ వాయిస్ పట్టుకుని వేలాడతాయి. ‘వాల్వ్ మూయబడవలెను’ అన్న తరహా వాక్యం పిల్లల చేత వందసార్లు రాయిస్తే మూసేదెవరో ఎవరికీ తెలియదు!

పదజాలం పట్టికలంటే నాకు ఇంకా కోపం. గేర్, పిస్టన్, వోల్టేజ్ మళ్లీ ఇంగ్లిష్ క్లాసులో నేర్పడమెందుకు? అవి వాళ్ల సబ్జెక్ట్ టీచర్ల దగ్గర రోజూ వింటారు. వాళ్లు తడబడేది డిరైవ్, వేరీ, కాన్‌సీక్వెంట్ లాంటి మాటల దగ్గర. భాషా పరిశోధకురాలు అవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో అన్ని సబ్జెక్టుల్లోనూ తరచుగా వచ్చే 570 పద కుటుంబాల (ఒక మాట, దాని నుంచి వచ్చే రూపాలు కలిపి ఒక కుటుంబం) జాబితా ఇచ్చారు. పుస్తకం వెనక ఉన్న గ్లాసరీని దానితో పోల్చి చూడండి, సగం సంగతి తెలిసిపోతుంది.

చదివించడానికి అసలైన రిపోర్టులు ఉన్న పుస్తకమైతే మరీ మంచిది. 1999లో నాసా అంగారకుడి దగ్గరికి పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే వ్యోమనౌక పోయింది. ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్-సెకన్లలో అంకెలిస్తే, అవతలివాళ్లు న్యూటన్-సెకన్లనుకుని వాడారు. దాని విచారణ నివేదికలో ఒక్క పేజీ ఇచ్చి ‘ఈ పొరపాటు జరగకుండా ఆ టీమ్‌కి ఈమెయిల్ రాయండి’ అనండి. మా క్లాసులో వెనక బెంచీలు కూడా రాశాయి.

కొనే ముందు పుస్తకం చివర జవాబుల పేజీలు తిరగేయండి. ప్రతి ప్రశ్నకీ ఒకే ఒక్క జవాబు కనిపిస్తే అది వద్దు. సిలబస్ కమిటీ ఇప్పటికే అలాంటిదే అంటగట్టి ఉంటే, వారానికి ఒక గంట దాన్ని మూసి, ల్యాబ్ మాన్యువల్ తెరవండి.