గ్రాఫిక్స్ కార్డు కోసం చీటీ పాడాలా?

ప్రశ్న: మాది ఏలూరు దగ్గర ఒక మండల కేంద్రం. చిన్న కిరాణా కొట్టు నడుపుతున్నాను. మా అమ్మాయి బీటెక్ సీఎస్ఈలో ఏఐ-ఎంఎల్ బ్రాంచి, రెండో సంవత్సరం పూర్తి కావస్తోంది. మంచి గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్ లేకపోతే ఈ చదువులో వెనకబడిపోతానని అంటోంది. ఇప్పుడు తన దగ్గర 8 జీబీ ర్యామ్ ఉన్న మామూలు లాప్‌టాప్ ఉంది. విజయవాడలో అడిగితే మొత్తం 1,60,000 రూపాయలు అవుతుందన్నారు. కొన్ని నెలల క్రితం ఇదే కంప్యూటర్ చాలా తక్కువకు వచ్చేదట. ఆగితే ఇంకా పెరుగుతుందని, సరుకు కూడా దొరకదని చెబుతున్నారు. ఒక చీటీ నడుస్తోంది. వచ్చే వారమే పాట. నష్టానికైనా పాడి కొనిపెట్టాలా?

జవాబు: చీటీ పాడవద్దు. పాట వచ్చే వారమే అన్నారు కాబట్టి ముందుగా ఈ మాట చెప్పేస్తున్నాను. మీ అమ్మాయి కోరికను నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. ఏఐ నమూనాలకు (మోడళ్లకు) శిక్షణ ఇచ్చే లెక్కలను వేగంగా చేసేది గ్రాఫిక్స్ కార్డే కాబట్టి తన చదువులో దానికి నిజంగానే చోటుంది. అయితే దాన్ని ఈ ఏడాదే, ఈ ధరకే, చీటీలో నష్టపోయి మరీ కొనవలసిన అవసరం లేదు.

ధరలు పెరిగాయన్న మాట అబద్ధం కాదు. కంగారు పెట్టి అమ్మడం మాత్రం నాకు నచ్చదు. పిల్లల భవిష్యత్తు పేరు ఎత్తగానే తల్లిదండ్రులు బేరం ఆడటం మానేస్తారని అమ్మేవారికి బాగా తెలుసు. మీరు వ్యాపారం చేస్తున్నవారు. సరుకు ఎందుకు కొరవడిందో తెలిస్తే, కొనాలో ఆగాలో మీకే తోస్తుంది.

ఈ కొరత ఇదే మొదటిసారి కాదు. 2017-18లో క్రిప్టో నాణేల మైనింగ్ కోసం, అంటే కంప్యూటర్లతో లెక్కలు చేయించి ఆ డిజిటల్ నాణేలు సంపాదించడం కోసం, కార్డులను టోకున కొనేశారు. ఆ తర్వాత 2020 సెప్టెంబర్‌లో ఎన్విడియా సంస్థ ఆర్‌టీఎక్స్ 3080 అనే కార్డును 699 డాలర్ల ధరతో విడుదల చేసింది. మన దేశానికి ప్రకటించిన ధర 71,000 రూపాయలు. 2021లో అదే కార్డును లక్ష దాటించి అమ్మారు. కొవిడ్ వల్ల ఇంటి నుంచి పనిచేసేవారు, చదువుకునేవారు అందరూ కంప్యూటర్లు కొన్నారు. చిప్పుల ఫ్యాక్టరీలకు తీరిక లేకుండా పోయింది. మైనింగ్ మళ్లీ ఊపందుకుంది. కార్డు కావాలంటే మదర్‌బోర్డు కూడా మా దగ్గరే కొనాలని షరతు పెట్టిన దుకాణాలు అప్పుడు మన నగరాల్లోనూ ఉన్నాయి. ఆ తర్వాత 2022 సెప్టెంబర్ 15న ఎథీరియం అనే క్రిప్టో నెట్‌వర్క్ తన పద్ధతి మార్చుకుంది. గ్రాఫిక్స్ కార్డులతో ఎథీరియం మైనింగ్ చేయడం ఆ రోజుతో ఆగిపోయింది. అప్పటికే దిగివస్తున్న ధరలు ఇంకా దిగాయి. మైనర్లు వాడి వదిలేసిన కార్డులు సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లోకి వచ్చిపడ్డాయి. ఏడాది ముందు అప్పు చేసి కొన్నవారికి మిగిలింది ఈఎంఐలే.

ఇప్పటి కొరత తీరు వేరు. దీన్ని ఒక లెక్కతో చెబుతాను. 2020 జనవరితో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో ఎన్విడియా ఆదాయంలో సగానికి పైగా గేమింగ్ కార్డుల నుంచే వచ్చింది. 2025 జనవరితో ముగిసిన ఏడాదిలో మొత్తం ఆదాయం సుమారు 130 బిలియన్ డాలర్లు కాగా, అందులో 115 బిలియన్లు ఏఐని నడిపే డేటా సెంటర్లకు, అంటే పెద్ద పెద్ద సర్వర్ కేంద్రాలకు, అమ్మిన సరుకువే. గేమింగ్ వాటా పదో వంతు కూడా లేదు. లారీల కొద్దీ కొనే ఖాతాదారు ఒకవైపు, అరకిలో కొనే ఖాతాదారు ఒకవైపు నిలబడితే తయారీదారు ముందు ఎవరికి తూకం వేస్తాడో మీకు నేను చెప్పనక్కరలేదు. 2022 నవంబర్‌లో చాట్‌జీపీటీ వచ్చినప్పటి నుంచి ఆ మొదటి ఖాతాదారు ఆకలి పెరుగుతూనే ఉంది.

దీనికి మెమరీ కొరత తోడైంది. ఏఐ సర్వర్లలో వాడే హెచ్‌బీఎం అనే ప్రత్యేక మెమరీని ప్రధానంగా ఎస్‌కే హైనిక్స్, శాంసంగ్, మైక్రాన్ తయారు చేస్తున్నాయి. అంతే పరిమాణంలో మామూలు డీడీఆర్5 మెమరీకి పట్టే సిలికాన్‌తో పోలిస్తే హెచ్‌బీఎంకు సుమారు మూడు రెట్లు పడుతుందని మైక్రాన్ సంస్థే చెప్పింది. ఫ్యాక్టరీలు అటు మళ్లేసరికి మన కంప్యూటర్ల ర్యామ్‌కు కొరత వచ్చి, 2025 చివరి నెలల్లో ధరలు భగ్గుమన్నాయి. ఆ డిసెంబర్‌లో మైక్రాన్ ఏకంగా క్రూషియల్ పేరుతో సామాన్య వినియోగదారులకు చేసే అమ్మకాల నుంచే తప్పుకుంటున్నట్లు ప్రకటించింది. మీకు చెప్పిన 1,60,000లో పెరుగుదల అంతా గ్రాఫిక్స్ కార్డుది కాకపోవచ్చు. ర్యామ్, ఫైళ్లు దాచే ఎస్ఎస్‌డీల వాటా కూడా ఉంటుంది. దుకాణంలో ఒక్కో భాగానికి విడిగా ధర రాసి ఇమ్మనండి. రాసివ్వడానికి వెనకాడితే మరో దుకాణం చూడండి.

ఈ ధరలు ఫలానా నెలలో దిగుతాయని నేను జోస్యం చెప్పను. ఇంకా పెరగనూవచ్చు. అయినా ఆగమంటున్నాను. మీ అమ్మాయికి రాబోయే ఏడాది ఈ పని ఉచితంగా జరిగే దారి ఉంది మరి.

బ్రౌజర్‌లో గూగుల్ కోలాబ్ అనే సేవను తెరిచి ప్రోగ్రామ్ రాస్తే, అది గూగుల్ సర్వర్‌లోని టీ4 అనే కార్డు మీద నడుస్తుంది. ఆ కార్డు మెమరీ 16 జీబీ. మీకు చెప్పిన కంప్యూటర్‌లో 8 జీబీ కార్డే ఉండే అవకాశం ఎక్కువ, ఒకసారి అడిగి చూడండి. కాగుల్ అనే మరో వేదిక ఫోన్ నంబర్ ధ్రువీకరించుకున్న వారికి వారానికి సుమారు 30 గంటల పాటు ఇలాంటి కార్డులను ఉచితంగా ఇస్తుంది. రెండింటికీ చికాకులు లేకపోలేదు. రద్దీగా ఉంటే కోలాబ్‌లో కార్డు దొరకదు. మధ్యలో కనెక్షన్ తెగిపోతుంది. దాచుకోని పని పోతుంది. కానీ రెండో, మూడో సంవత్సరం విద్యార్థి పనిలో చాలా భాగానికి గ్రాఫిక్స్ కార్డే అక్కరలేదు. పైథాన్, లీనియర్ ఆల్జీబ్రా, సంభావ్యత, డేటాను శుభ్రం చేయడం, సైకిట్-లెర్న్ అనే పైథాన్ లైబ్రరీతో చేసే నమూనాలు అన్నీ ఇప్పుడున్న లాప్‌టాప్ మీదే నడుస్తాయి. చేతిరాత అంకెలను గుర్తించే పాఠం ప్రతి విద్యార్థీ చేస్తారు. అందులోని 60,000 చిన్న బొమ్మల మీద శిక్షణ మామూలు ప్రాసెసర్‌తో నిమిషాల్లో పూర్తవుతుంది.

ఇక నాలుగో సంవత్సరం ప్రాజెక్టుకు పెద్ద యంత్రం కావలసి వస్తే, కేంద్ర ప్రభుత్వ ఇండియాఏఐ మిషన్ ఉంది. 2024 మార్చిలో 10,372 కోట్ల రూపాయలతో దీనికి ఆమోదం లభించింది. దీని కింద 38,000కు పైగా జీపీయూలను (గ్రాఫిక్స్ కార్డుల్లో ఉండే ప్రాసెసర్లను) సమకూర్చినట్లు, గంటకు సగటున 65 రూపాయలకే ఇస్తున్నట్లు ప్రభుత్వం చెప్పింది. వంద గంటలు వాడినా 6,500 రూపాయలు. ఒంటరిగా కాకుండా కళాశాల అధ్యాపకుల మార్గదర్శకత్వంలో, ప్రాజెక్టు ఏమిటో స్పష్టంగా రాసి దరఖాస్తు చేయించండి. కళాశాలలో జీపీయూ ల్యాబ్ ఉందేమో కూడా ఒకసారి కనుక్కోండి. ఏఐ బ్రాంచి పేరుతో ఫీజు తీసుకున్న కళాశాలను ఆ మాట అడిగే హక్కు మీకుంది. ల్యాబ్ ఉండీ సాయంత్రం నాలుగింటికే తాళం వేస్తుంటే, కొందరు తల్లిదండ్రులు కలిసి ప్రిన్సిపాల్‌కు లేఖ రాయండి.

ఇప్పుడు మీ అమ్మాయితో రెండు మాటలు.

అమ్మా, వెనకబడిపోతానన్న నీ భయం నాకు అర్థమైంది. తరగతిలో ఎవరో పెద్ద గేమింగ్ లాప్‌టాప్ తెచ్చుకుని ఉంటారు. నువ్వు చదువుతున్న డీప్ లెర్నింగ్ వైపు ప్రపంచాన్ని తిప్పిన నమూనా 2012లో టొరంటో విశ్వవిద్యాలయంలో పుట్టింది. అలెక్స్ క్రిజెవ్‌స్కీ, ఇల్యా సుట్స్‌కేవర్, జెఫ్రీ హింటన్ కలిసి చేసిన అలెక్స్‌నెట్ అది. సుమారు 12 లక్షల ఫొటోల మీద దానికి శిక్షణ ఇచ్చింది రెండు జీటీఎక్స్ 580 కార్డులతో. ఒక్కోదానికి 3 జీబీ మెమరీ మాత్రమే ఉండేది. ఐదారు రోజులు పట్టింది. నమూనా ఒక్క కార్డులో పట్టకపోతే దాన్ని రెండుగా పంచి నడిపారు. ఉచితంగా నీకు దొరికే టీ4లో వాళ్ల రెండు కార్డుల మెమరీ కలిపినదానికన్నా రెట్టింపు పైగా ఉంది.

ఆ పంచి నడిపే నేర్పే నువ్వు సంపాదించవలసింది. 700 కోట్ల పారామీటర్లు, అంటే శిక్షణలో నేర్చుకున్న అంకెలు, ఉన్న భాషా నమూనాను మామూలుగా తెరిస్తే 14 జీబీ కావాలి. ఒక్కో అంకెను 4 బిట్లకు కుదిస్తే సుమారు 4 జీబీలో పడుతుంది. మెమరీ ఆదా చేసే పద్ధతులైన క్వాంటైజేషన్, లోరా, మిక్స్‌డ్ ప్రెసిషన్ అన్న పేర్లు ఇప్పటికి కొత్తగా ఉన్నా మూడో సంవత్సరంలో నువ్వు చేతులారా చేసి చూడవలసిన పనులు ఇవే. కార్డులు ఖరీదైన కాలంలో కంపెనీలకు కావలసింది కూడా ఇదే: అదే పనిని సగం మెమరీలో చేసి చూపించేవాళ్లు. ఇంటర్వ్యూలో నీ దగ్గర ఏ కార్డు ఉందని ఎవరూ అడగరు. మెమరీ చాలనప్పుడు ఏం చేశావని అడుగుతారు. దానికి జవాబు నీ సొంత అనుభవం నుంచి రావాలి. తెలుగు చేతిరాతనో, గోదావరి జిల్లాల మాటతీరునో గుర్తించే చిన్న ప్రాజెక్టు ఒకటి మొదలుపెట్టు. భారతీయ భాషల కోసం ఐఐటీ మద్రాస్‌లోని ఏఐ4భారత్ బృందం తమ డేటాను, నమూనాలను అందరికీ అందుబాటులో పెట్టింది. అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.

ఇంకొకటి. ఈ కొరత ఎక్కడుందో ఉద్యోగాలూ అక్కడున్నాయి. ఎన్విడియా, ఏఎండీ, మైక్రాన్ మూడింటికీ హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ కేంద్రాలున్నాయి. విశాఖపట్నంలో ఏఐ కేంద్రానికి ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లు పెడతామని గూగుల్ 2025 అక్టోబర్‌లో ప్రకటించింది. ఇలాంటి చోట్ల పనికి ఏఐ ఒక్కటే చాలదు. సీ++, కంప్యూటర్ ఆర్కిటెక్చర్, ఆపరేటింగ్ సిస్టమ్స్, లినక్స్, నెట్‌వర్కులు గట్టిగా రావాలి. ఏఐ బ్రాంచి పిల్లలు చాలామంది ఈ సబ్జెక్టులను పరీక్ష గట్టెక్కడానికే చదువుతున్నారు. నువ్వు అలా చేయకు.

తండ్రిగారికి మళ్లీ. ఎప్పుడు కొనాలి అంటే, అమ్మాయి చేత ఒక నోటుపుస్తకంలో లెక్క రాయించండి. ఏ రోజు ఏ పని చేసింది, ఉచిత గంటలు ఎక్కడ చాలలేదు, ఎందుకు చాలలేదు. మూడు నాలుగు నెలల తర్వాత వారం వారం గంటలు అయిపోయి పని ఆగుతున్నట్లు ఆ పుస్తకంలో కనిపిస్తే కార్డు నిజంగా అవసరమే. అప్పుడు చీటీ చివరిదాకా కట్టి వచ్చిన డబ్బుతో కొనండి. యానిమేషన్, గేమ్ డిజైన్ నేర్చుకునే పిల్లల సంగతి వేరు. వాళ్లు రోజంతా తెర మీద బొమ్మను తిప్పుతూ పనిచేయాలి కాబట్టి కార్డు ముందే కావాలి. మీ అమ్మాయిది ఆ చదువు కాదు.

కొనే రోజు వచ్చినప్పుడు వేగం కన్నా మెమరీ చూడండి. ఒకే పేరుతో రెండు రకాలు అమ్ముతారు, ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. ఆర్‌టీఎక్స్ 5060 టీఐ 8 జీబీతోనూ వస్తుంది, 16 జీబీతోనూ వస్తుంది. ఆర్‌టీఎక్స్ 3060లో 12 జీబీదీ ఉంది, 8 జీబీదీ ఉంది. ఏఐ పనికి తీసుకోవలసింది ఎక్కువ మెమరీ ఉన్నదే. బిల్లు మీద మెమరీ ఎంతో, సీరియల్ నంబర్ ఏమిటో రాయించండి. లాప్‌టాప్ అయితే ఇంకా జాగ్రత్త. ఆర్‌టీఎక్స్ 5070 డెస్క్‌టాప్ కార్డులో 12 జీబీ ఉంటే, అదే పేరున్న లాప్‌టాప్ చిప్పులో 8 జీబీయే ఉండవచ్చు. సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటే మైనింగ్‌లో నలిగిన కార్డు కావచ్చు. అసలు బిల్లు, మిగిలిన వారంటీ ఉంటేనే, కళ్లెదుట గంటసేపు నడిపించి చూశాకే డబ్బివ్వండి. అమెరికాలో ఉన్న బంధువుల చేత తెప్పించుకుందామన్న ఆలోచన చాలా ఇళ్లలో వస్తుంది. అక్కడ కొన్న కార్డుకు ఇక్కడ వారంటీ వర్తిస్తుందో లేదో ముందు ఆ కంపెనీ సర్వీసు కేంద్రంలో అడిగి తెలుసుకోండి. విమానాశ్రయంలో సుంకం పడితే ఆదా అనుకున్నదీ కరిగిపోతుంది.

ఈ నెలలో అమ్మాయి చదువు కోసం ఏదైనా ఖర్చు పెట్టాలని ఉంటే, ఇంటికి మంచి ఫైబర్ ఇంటర్నెట్ పెట్టించండి. కోలాబ్, కాగుల్ రెండూ దాని మీదే నడుస్తాయి.