ఇంట్లో గడగడా, స్టేజి మీద మౌనం

ప్రశ్న: మేడమ్, మా పాప రెండో తరగతి. ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవానికి స్కూల్లో వేమన పద్యం చెప్పాలి. ఇంట్లో గడగడా చెప్పేస్తుంది, నలుగురిలో నిలబడితే నోరు పెగలట్లేదు. ఏం చేయాలి?

జవాబు: ముందు అర్థం కథలా చెప్పండమ్మా, అర్థం తెలీకుండా బట్టీ పట్టిందే భయమేస్తే మొదట జారిపోయేది. వేమన పద్యం ఆటవెలది అనే ఛందస్సు, నాలుగే పాదాలు, చివరిది 'విశ్వదాభిరామ వినురవేమ' అని పిల్లలకి ముందే వచ్చేస్తుంది కదా, అందుకే వెనకనుంచి నేర్పండి, మూడో పాదం, తర్వాత రెండోది, ఆఖరున మొదటిది, అప్పుడు చెప్పేకొద్దీ బాగా తెలిసిన చోటికే వెళ్తుంది, ధైర్యంగా ఉంటుంది. రోజూ పది నిమిషాలు చాలు. తర్వాత తాతయ్య ముందు, పక్కింటివాళ్ల ముందు నిలబడి చెప్పించండి. మధ్యలో ఆగితే వెంటనే అందించకండి, కాస్త టైమివ్వండి, ప్లీజ్.