సూత్రం నోటికొచ్చినా శాతాల లెక్కలు తప్పుతున్నాయి, ఏడో తరగతి పాపకు ఎలా నేర్పాలి?

అక్కా, మీ బిడ్డ సూత్రం గడగడా అప్పజెప్తుంది, కానీ 480లో 35 శాతం ఎంత అంటే ఒకసారి 13 అని, ఇంకోసారి 1,371 అని రాస్తోందన్నారు. ఆ రెండు జవాబులూ ఊరికే వచ్చినవి కావు. 480ని 35తో భాగిస్తే 13 పైచిలుకు వస్తుంది. దాన్నే వందతో గుణిస్తే 1,371. సూత్రంలో ఏ అంకెలు ఉండాలో పాపకు తెలుసు, ఏది పైన రాయాలో ఏది కింద రాయాలో మాత్రం తెలియడం లేదు. నేను నల్లగొండలో ఆరు నుంచి పదో తరగతి దాకా పిల్లలకు లెక్కల ట్యూషన్ చెప్తాను. ఇలాంటి పిల్లలతో నేను మొదట చేసే పని, సూత్రాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టించడం.

నోటుబుక్కులో ఒక అడ్డగీత గీయించండి. ఎడమ చివర పైన, కింద సున్నా. కుడి చివర పైన 480, కింద 100. సరిగ్గా మధ్యలో పైన 240, కింద 50. ఇప్పుడు 35 ఎక్కడ పడుతుందో వేలు పెట్టి చూపించమనండి. సగానికి ఇవతలే పడుతుంది, పావు దాటి పడుతుంది. అంటే జవాబు 120కి, 240కి మధ్యలోనే ఉండాలి. లెక్క మొదలుపెట్టకముందే ఈ సంగతి తెలిసిన పిల్ల 13 అని రాయదు, రాసినా వెంటనే కొట్టేస్తుంది.

తర్వాత 10 శాతం. 480లో 10 శాతం 48. మూడుసార్లు తీసుకుంటే 144. ఐదు శాతం అంటే 48లో సగం, 24. మొత్తం 168. పదో తరగతి పేపర్ 80 మార్కులకు ఉంటే, 35 శాతంతో పాస్ కావాలంటే ఎన్ని రావాలని అడిగి చూడండి. 8, 8, 8, 4 అని కూడుకుని 28 అని చెప్తే దారి దొరికినట్టే. 10 శాతం బాగా వచ్చాక 1 శాతం నేర్పండి, ఇక ఏ శాతమైనా కట్టుకోవచ్చు.

ఇక్కడ ఒక చిక్కు తప్పకుండా వస్తుంది, ముందే కనిపెట్టండి. 10 శాతానికి 10తో భాగించాం కదా అని, చాలామంది పిల్లలు 20 శాతానికి 20తో, 5 శాతానికి 5తో భాగిస్తారు. అప్పుడు తప్పు అని చెప్పకండి. "20 శాతం ఎక్కువుండాలా, 10 శాతం ఎక్కువుండాలా?" అని అడగండి. వాళ్లు రాసిన 24, 48 పక్కపక్కనే చూసుకుని వాళ్లే ఆగిపోతారు.

ఇంతకన్నా ముఖ్యమైనది "దేని మీద?" అనే ప్రశ్న. మా దగ్గర పత్తి పండించే ఇళ్ల పిల్లలు ఎక్కువ కాబట్టి నేను తక్‌పట్టీ, అంటే పంట అమ్మినప్పుడు ఇచ్చే రసీదు లెక్కలే చేయిస్తాను. 2024-25లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాకు 7,521 రూపాయలు. తేమ 8 శాతం వరకు ఉంటే మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర సంస్థ సీసీఐ పూర్తి ధర ఇస్తుంది. ఆ పైన 12 దాకా, పెరిగిన ప్రతి శాతం తేమకు ధరలో ఒక శాతం కోస్తారు. తేమ 11 వస్తే ఎంత ఇస్తారని అడిగాను. ఒక అబ్బాయి 7,521లో 11 శాతం లెక్కగట్టి 827 రూపాయలు కోసేశాడు. లెక్కలో తప్పు లేదు, కానీ ఆ 11 శాతం పత్తిలో నీరెంతో చెప్పేది, ధరకు సంబంధించింది కాదు. కోత 8కి పైన ఉన్న మూడు శాతానికే. 7,521లో ఒక శాతం 75 రూపాయల 21 పైసలు, మూడింతలు 225.63. చేతికి వచ్చేది 7,295.37. క్వింటాకు ఆరు వందల తేడా అని తెలిసేసరికి క్లాసంతా లేచి కూర్చుంది!

వడ్డీ దగ్గరా ఇదే గొడవ. ఇంట్లో "నూటికి రెండు" అని వింటారు, పుస్తకంలో 2 శాతం అని రాసేస్తారు. మన ఊళ్లలో ఆ మాట నెలకు. 30,000 అప్పుకు నెలకు 600, ఏడాదికి 7,200, అంటే ఏడాదికి 24 శాతం. పుస్తకంలోని వడ్డీ రేటు మామూలుగా ఏడాది లెక్క. ఈ తేడా పిల్లలకు తెలియాలని నాకు చాలా పట్టుదల.

డిస్కౌంట్ లెక్కల్లోనైతే తొమ్మిదో తరగతి వాళ్లూ తడబడతారు. ప్రకాశం బజార్‌లో 20 శాతం తగ్గించి 640కి ఇచ్చిన చీర అసలు ధర ఎంత? ఎక్కువమంది 640లో 20 శాతం, 128 కలిపి 768 అంటారు. కానీ తగ్గించింది 640 మీద కాదు, అసలు ధర మీద. 640 అనేది 80 శాతం, అయితే 10 శాతం 80, వంద శాతం 800. మొదట గీసిన అడ్డగీత ఇక్కడా పనికొస్తుంది: కింద 80 దగ్గర పైన 640 రాయించండి చాలు.

పరీక్షలో మాత్రం స్టెప్పులకు మార్కులుంటాయి కాబట్టి సూత్రం రాయక తప్పదు. అప్పటికి అది కష్టం కాదు. 480ని 100తో భాగిస్తే ఒక శాతం, 35తో గుణిస్తే 35 శాతం అని పాపకు తెలిసిపోతుంది, ఏది కింద రాయాలో టెన్షన్ ఉండదు. రోజూ నాలుగైదు లెక్కలు చేయించండి, జవాబు సుమారుగా ఎంతుంటుందో ముందు నోటితో చెప్పించి, ఆ తర్వాతే పెన్ను పట్టనివ్వండి.